రేకు చూసి మనిషిని పోల్చుకోరాదు

నూకరత్నం చేసిన మొదటి నేరం, తన దగ్గర పనిచేసే ఏడుగురు ఆడవాళ్ల పేర్లూ ఆమెకు తెలిసి ఉండటం. రెండోది ఇంకా ఘోరం. వాళ్లలో ఎవరికి పొగ పడదో, ఎవరికి మోకాళ్లు పట్టేస్తాయో, ఎవరి అత్తగారు మంచాన పడి ఉందో కూడా ఆమెకు తెలుసు. ఇరవయ్యేళ్లుగా ఈ నేరాలను ఆమె పట్టపగలు, వీధి తలుపు బార్లా తెరిచిపెట్టుకుని మరీ చేస్తూ వచ్చింది.

గౌతమి కాలువ గట్టున కొత్తరేవు అనే ఊళ్లో ఆమెది పూతరేకుల పాక. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. నీళ్లలా పలచగా రుబ్బిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కాగిన కుండ వీపు మీద అలా పరిచి ఇలా లాగేస్తే రేకు వస్తుంది. ఆ లాగటంలోనే ఉంది విద్యంతా. అరక్షణం ఆలస్యమైతే మందం, అరక్షణం తొందరపడితే చిరుగు. పదహారో ఏట ఒకరి పాకలో కుండ ముందు కూర్చున్న నూకరత్నం ముప్పై రెండో ఏట సొంత పాక వేసుకుంది. అందులో నాలుగు కుండలు, కిటికీ పక్కన రేకులు మడతపెట్టే బల్ల ఒకటి, ఆ బల్ల మీద ఒక ఫ్యాను.

ఆ పాకలో ఎక్కడా రాసిపెట్టని నియమాలు కొన్ని ఉండేవి. ఆయాసం ఉన్న మరిడమ్మ కుండ ఎప్పుడూ గాలి వచ్చే వైపున ఉండాలి. కడుపుతో ఉన్నవాళ్లు ఐదో నెల రాగానే కుండ ముందు నుంచి లేచి ఫ్యాను కిందికి మారాలి. ‘ఆవిడకే ఎందుకు ఫ్యాను?’ అని ఎవరూ అడగలేదు. అడగగలిగిన వాళ్లలో ముగ్గురు ఆ ఫ్యాను కిందే ఇద్దరేసి పిల్లల్ని మోశారు.

ఆ ఏడు వంతు వీరవేణిది. రెండేళ్ల కిందట మరొకరి పాకలో, ఏడో నెలలోనూ కుండ ముందు కూర్చుని, ఒక బిడ్డను పోగొట్టుకుని వచ్చిన మనిషి. ‘ఈసారి ఏమీ కానివ్వను’ అని నూకరత్నం ఆమెకు మాట ఇచ్చింది. నాలుగో నెల వెళ్లి ఐదో నెల ప్రవేశించిన వారంలోనే పాకలోకి ప్రభుత్వం కూడా ప్రవేశించింది.

చిన్న సంస్థల్లో ఉద్యోగులకు న్యాయం జరుగుతున్నదా లేదా అని చూడటానికి జిల్లాలో కొత్తగా సమన్యాయ మండలి ఒకటి వెలిసింది. ఉద్దేశం మంచిదే. ఉద్దేశంతో ఆగకుండా మండలి ఒక అధ్యయనం చేయించింది. పక్షపాతం చూపిన యజమానుల్లో నూటికి తొంభై ఎనిమిది మందికి తమ ఉద్యోగుల పేర్లు తెలుసునని అందులో తేలింది. పక్షపాతం చూపని యజమానుల్లో ఎందరికి పేర్లు తెలుసునో మండలి లెక్కించలేదు. వాళ్ల మీద ఫిర్యాదులే లేవు కనుక వాళ్లు అధ్యయనం పరిధిలోకి రాలేదు. ఈ విధంగా పక్షపాతానికి మూలం పరిచయమేనని శాస్త్రీయంగా నిరూపితమైంది. మూలాన్ని ఛేదించటానికి అపరిచయ పథకం పుట్టింది. పథకంలో చేరిన సంస్థల సరుకు మీదే సమన్యాయ ముద్ర పడుతుంది. ముద్ర లేని పెట్టె దుకాణం ఎక్కదు.

పథకాన్ని అమలు చేయటానికి పర్యవేక్షకుడు భుజంగరావు జీపులో వచ్చాడు. వెనక అటెండరు సింహాద్రి భుజం మీద చుట్టచుట్టిన పెద్ద గుడ్డతో దిగాడు.

“యజమాని మీరేనా?”

“ఆయ్, నేనేనండి. కూచోండి. మజ్జిగ పుచ్చుకుంటారా?”

“విధి నిర్వహణానంతరం.” భుజంగరావు దస్త్రం విప్పాడు. “ఇక్కడ పనిచేయుచున్న వ్యక్తులు మీకు పరిచితులా?”

“ఎంత మాటండీ! ఈవిడ మరిడమ్మ, నాకంటే పదకొండేళ్లు పెద్ద. ఆ మూలన ఉన్నది…”

“ఆపండి!” భుజంగరావు రెండు చెవులూ మూసుకున్నాడు. “నా సమక్షంలో పేర్లు ఉచ్చరించవద్దు. విన్న పక్షంలో నమోదు చేయవలసి వస్తుంది. న్యాయదేవత కళ్లకు గంతలు ఎందుకున్నవో మీకు తెలుసా?”

“అయ్యో, ఏవైందండీ ఆవిడకి? శుక్లాలా?” అంది మరిడమ్మ కుండ దగ్గర నుంచి.

భుజంగరావు ఆ ప్రశ్నను దస్త్రంలోకి ఎక్కించలేదు. ఉద్యోగులు ఏడుగురూ ఇకమీదట నెత్తి నుంచి పాదాల దాకా బూడిదరంగు ముసుగులు ధరించాలి. వాళ్లకు పేర్ల బదులు సంఖ్యలు ఉంటాయి. ఏ సంఖ్య ఎవరికి వచ్చిందో, ఏ సంఖ్య ఏ చోట కూర్చోవాలో జిల్లా ఆఫీసులో చీటీలు తీసి నిర్ణయిస్తారు. ఆరు నెలల దాకా అది మారదు. యజమాని తెర వెనక కూర్చోవాలి. తయారైన రేకులు తెర కింది నుంచి పళ్లెంలో లోపలికి వస్తాయి. ఆమె మాట్లాడకూడదు, గంట మోగించాలి. ఒక గంట మోగితే పని మొదలు, రెండు మోగితే విరామం.

“ఇంకొక ముఖ్య విషయం. ఒక సంఖ్య గైరుహాజరైతే, ఆ రోజు రానిది ఎవరో ఊళ్లో తెలిసిపోవును. తద్ద్వారా పరిచయం ఏర్పడును. అందుచేత ఒకరు రాని రోజున ఏడుగురూ రాకూడదు.”

సింహాద్రి మోకు కట్టి, పాకకు అడ్డంగా తెర వేలాడదీశాడు. మరిడమ్మ దాన్ని ఎగాదిగా చూసింది.

“తెర బాగానే పట్టావు గానీ బాబూ, జీలకర్రా బెల్లం ఎవరు పెడతారు?”

పాకంతా గొల్లుమంది. సింహాద్రి కూడా నవ్వబోయి, సారు ముఖం చూసి, నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు.

మొదటి వారం తెర వెనక కూర్చున్న నూకరత్నానికి తన పాకలోనే తను చుట్టపుచూపుగా వచ్చినట్టు అనిపించింది. బూడిదరంగు ఆకారాలు వస్తాయి, వెళతాయి. కానీ కళ్లు కట్టేసినా చెవులున్నాయి. ఆరో రోజున తెరకు అవతల, పొగ ఎక్కువగా తిరిగే మూల నుంచి ఒక దగ్గు వినిపించింది. మూడు సార్లు పొడిగా, నాలుగోసారి ఈలలాగా. ఇరవయ్యేళ్లుగా వింటున్న దగ్గు.

“మరిడమ్మక్కా! లేచి కాసేపు గట్టు మీదికెళ్లు. నీకా మూల ఇచ్చిన సచ్చినోడెవడు?”

ఆ సచ్చినోడు సరిగ్గా అప్పుడే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. భుజంగరావుది ఆకస్మిక తనిఖీ. మూడు రోజుల్లో నోటీసు వచ్చింది. ‘శబ్దమూలక పరిచయము’ అనే కొత్త నేరం నూకరత్నం పేరు మీదే మొట్టమొదటిసారిగా నమోదైంది. దానితోపాటు నివారణ కూడా వచ్చింది: ‘ఏదేని ఒక సంఖ్య దగ్గిన పక్షమున, తక్కిన ఆరు సంఖ్యలును తక్షణమే దగ్గవలెను.’

అప్పటి నుంచీ మరిడమ్మకు దగ్గు వచ్చినప్పుడల్లా పాకలో ఏడు గొంతులు లేచేవి. దారిన పోయేవాళ్లు ఇదేదో క్షయ ఆసుపత్రి అనుకుని ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని దాటేవారు. మరిడమ్మకు వంద దగ్గులు వస్తే ప్రభుత్వం ఏడు వందలు చేసింది. ఆమె ఆయాసం మాత్రం ఒక్కరవ్వ తగ్గలేదు. తగ్గించటం పథకం లక్ష్యాల్లో లేదు.

నెల గడిచింది. ఒక మధ్యాహ్నం తెర కింది నుంచి వచ్చిన పళ్లెంలో రేకులు చూసి నూకరత్నం చెయ్యి ఆగిపోయింది.

రేకు లాగిన ప్రతి చేతికీ ఒక వాలు ఉంటుంది. ఎవరు ఎక్కడ ఎంత పట్టు విడుస్తారో అది రేకు అంచున పడుతుంది. చదువుకున్నవాళ్లు దస్తూరీ చూసి మనిషిని చెప్పినట్టే నూకరత్నం రేకు చూసి చెప్పగలదు. ఇందులో మహిమ ఏమీ లేదు. అదే రకం వస్తువును ముప్పై ఆరేళ్లు శ్రద్ధగా చూసిన కంటికి తేడా కనబడుతుంది, అంతే. ఈ రేకు కుడి అంచు కొద్దిగా పైకి లేచి ఉంది. ఎడమచేత్తో లాగేది పాకలో ఒక్క వీరవేణే. రేకు నడుమ మందంగా ఉంది. మూడు చోట్ల చిల్లులు. చెయ్యి వణికితే పడే చిల్లులు అవి.

ఆరో నెల నడుస్తోంది. పిల్ల కుండ ముందు ఉంది.

సాయంత్రం నూకరత్నం వీరవేణి ఇంటికి వెళ్లింది. వీరవేణి అరుగు మీద గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని ఉంది. పాదాలు పొంగి ఉన్నాయి.

“నాకు నాలుగో నంబరొచ్చిందత్తా. గోడవార పెద్దకుండ. మొదట్లో బానే ఉంది. నీకు చెప్తే నీ ముద్ర పోద్దని చెప్పలేదు.” పొంగిన పాదాల మీదికి చీర అంచు లాక్కుంది. “ఇప్పుడు మంట దగ్గిర ఒంగితే కళ్లు తిరుగుతున్నాయి. ఆరోజులాగే.”

“రేపట్నించీ రాకు. నీ కూలి నీ ఇంటికే వస్తది.”

“నేనొక్కద్దాన్ని రాకపోతే ఏడుగురూ రాకూడదంట కదా. మూణ్ణెల్లు వాళ్లందరి పొయ్యిలూ ఆర్పేసి నేను కనేది ఏంటత్తా?”

నూకరత్నం మర్నాడే అర్జీ పట్టుకుని జిల్లా ఆఫీసుకు వెళ్లింది. భుజంగరావు బల్ల వెనక గోడ మీద రంగురంగుల గ్రాఫులు వేలాడుతున్నాయి. అన్నింటిలోనూ న్యాయం ఎడమ నుంచి కుడికి పెరుగుతోంది. ఆయన అర్జీని మూడు సార్లు చదివాడు.

“నాలుగవ సంఖ్యను అగ్నిస్థానము నుంచి తప్పించమని మీ ప్రార్థన. కారణం గర్భము.”

“ఆయ్. ఆరో నెలండి. ఇదివరకొకటి పోయిందండి.”

“విచారకరము. కానీ ఈ అర్జీ చెల్లదు. ఏడుగురిలో గర్భవతి ఒకరే అయినచో, గర్భము అని రాసిన మరుక్షణం ఆమె ఎవరో తెలిసిపోవును. ఒక లక్షణం కనీసం ముగ్గురికి ఉమ్మడిగా ఉన్నప్పుడే దానిని ప్రస్తావించవచ్చునని నియమావళి.”

“అంటే?”

“మరి ఇద్దరు గర్భవతులున్నట్లయితే అర్జీ పరిశీలనార్హము.”

నూకరత్నం ఆయన ముఖంలోకి కొంతసేపు చూసింది. హాస్యమాడుతున్నాడేమోనని వెతికింది. అక్కడ అలాంటిదేమీ లేదు.

“ఎవర్ని చెయ్యమంటారండీ? మరిడమ్మకి అరవై మూడు.”

“అది సంస్థ అంతర్గత వ్యవహారం.” భుజంగరావు కలం మూత పెట్టబోయి, చటుక్కున ఆగాడు. “ఉండండి. నాలుగవ సంఖ్య గర్భవతి అని మీకెట్లు తెలిసినది?”

“రేకు చూస్తే తెలీదాండీ?”

కలం మూత మళ్లీ ఊడింది. ఆ సాయంత్రానికే ఒక సవరణ తయారైంది: ‘యజమాని రేకు చూసి మనిషిని పోల్చుకోరాదు. ఇకపై రేకుల అంచులన్నియు కత్తిరించిన పిమ్మటనే యజమానికి చూపవలెను.’

మెట్లు దిగుతున్న నూకరత్నం వెనకే సింహాద్రి వచ్చాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

“అమ్మా, ఒక మాట. మా సారు తెర వెనక్కి ఎప్పుడూ తొంగి చూడరండి. ఆఫీసులో చూసింది లెక్కలోకి రాదంట గానీ, పాకలో చూస్తే యజమాని ఎవరో ఆయనకి పరిచయం అయిపోద్దంట. అప్పుడు ఆయనే పక్షపాతి అవుతారు. ముసుగులూ ఎత్తరండి. ఆఖరికి మొన్న జీపులో మీ గురించి చెప్తే, నేనెవర్నో తనకి తెలీనట్టు చూశారండి.”

“నేను నీకు మజ్జిగ కూడా ఇవ్వలేదు కదయ్యా.”

“మా ఆడది కూడా కడుపుతో ఉందండి” అన్నాడు సింహాద్రి. అని పైకి వెళ్లిపోయాడు.

బస్సు కొత్తరేవు చేరే లోపల నూకరత్నం ఆలోచన ఒక కొలిక్కి వచ్చింది. మండలి పరికరాలన్నీ కొలిచేది ముసుగులనూ, సంఖ్యలనూ, తెర వెనక యజమాని కుర్చీనీ. వాటిలో మనుషులున్నారో లేదో, ఉంటే ఎవరున్నారో కొలిచే సాధనం మండలి దగ్గర లేదు. కొలవకూడదని కూడా అదే రాసుకుంది.

మరునాడు పొద్దున్న తెర వెనక రెండు పనులు జరిగాయి. పేము కుర్చీలో దిండు వేసి, ఫ్యాను అటు తిప్పి, వీరవేణిని కూర్చోబెట్టారు. నాలుగో నంబరు ముసుగు తొడుక్కున్న నూకరత్నం గోడవార పెద్దకుండ ముందుకు వచ్చి కూర్చుంది. ఏడు సంఖ్యలూ హాజరు. కుర్చీలో యజమాని స్థానం నిండి ఉంది. నియమావళిలోని ఒక్క అక్షరానికి కూడా దెబ్బ తగలలేదు.

నూకరత్నానికి మాత్రం తగిలింది. రోజంతా కుండ ముందు కూర్చుని పదేళ్లు దాటింది. మొదటి రోజే రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. నడుం సాయంత్రానికి చెక్కలా బిగిసింది. తెర వెనక వీరవేణి ఏడుస్తుంటే, “గంట కొట్టవే తల్లీ, విరామం ఇయ్యి, నీ దయ!” అని తెర ఇవతలి నుంచి అరిచింది. రెండు గంటలు మోగాయి. అంత త్వరగా విరామం ఇచ్చిన యజమాని ఆ పాకకు ఇదివరకెప్పుడూ లేదని మరిడమ్మ ప్రకటించింది.

పన్నెండో రోజున భుజంగరావు పథకం మదింపుకు వచ్చాడు. ఇరవై ప్రశ్నలు, ప్రశ్నకు ఐదు మార్కులు. భోజనాలయ్యాక వచ్చిన వేళ అది. కుర్చీలో వీరవేణి నిద్రపోతోంది. పెద్దకుండ ముందు నూకరత్నం ముసుగులో చెమటలు కక్కుతోంది. ఆ పిల్ల ఉలిక్కిపడి లేచి ‘అత్తా!’ అందంటే అంతా అయిపోతుంది. పాక మూతపడుతుంది. లేదా పిల్ల మళ్లీ మంట ముందుకు వస్తుంది.

భుజంగరావు తెరకు రెండడుగుల దూరంలో నిలబడి, చూపు పొరపాటున కూడా లోపలికి పోకుండా పైకప్పు వైపు తిప్పుకుని, ప్రశ్నలు మొదలుపెట్టాడు.

“యజమాని గారూ! మీ ఉద్యోగులలో ఎవరి పనైనా మీకు ప్రత్యేకంగా నచ్చినదా?”

తెర కదలలేదు.

“ఎవరికైనా విశ్రాంతి అవసరమని మీకు ఎన్నడైనా తోచినదా?”

నిశ్శబ్దం. భుజంగరావు మార్కులు వేశాడు. ఆయన ముఖంలో ఏదో వెలుగు పాకింది. ఇప్పటిదాకా ఆయన అడిగిన యజమానులందరూ ఏదో ఒకటి వాగి దొరికిపోయినవాళ్లే.

“ఇచట ఒక ఉద్యోగి స్పృహ తప్పి పడిపోయినచో మీరేమి చేయుదురు?”

తెర వెనక నుంచి సన్నగా గురక వినిపించింది.

మరిడమ్మ ఠక్కున దగ్గింది. నియమం ప్రకారం ఆరు గొంతులు అందుకున్నాయి. నూకరత్నం కూడా పేగులు కదిలేలా దగ్గింది. దగ్గులు సద్దుమణిగేసరికి గురక కూడా ఆగింది. భుజంగరావు కాగితం మీద రాసుకుంటూ, తనకే వినిపించేలా చదివాడు: “దీర్ఘమైన, నిర్వికారమైన నిశ్వాసము. ఐదుకు ఐదు.”

ఇరవై ప్రశ్నలూ అయ్యాక ఆయన వెనక్కి తిరిగి పెద్దకుండ దగ్గరికి వచ్చాడు.

“నాలుగవ సంఖ్యా! నీ యజమాని ఎటువంటి వ్యక్తి అని నీ అభిప్రాయం?”

“నేనెరగనండి.” నూకరత్నం గొంతు బొంగురు చేసింది. “ఎవరైతే ఏంటండీ. ఆవిడ కడుపు చల్లగా ఉంటే సాలండి మాకు.”

భుజంగరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వినయం గల శ్రామికుడి నోట అలాంటి మాట విని చాలాకాలమైంది కాబోలు. సింహాద్రి మాత్రం అప్పుడే బయట జీపు చక్రాల్లో గాలి ఉందో లేదో చూడటానికి వెళ్లాడు. అతని భుజాలు కదులుతూ ఉన్నాయి.

పదిహేను రోజులకు ఉత్తర్వు వచ్చింది. సింహాద్రే స్వయంగా తెచ్చి, గుమ్మంలో నిలబడి చదివాడు. అపరిచయ పథకం కింద నూటికి నూరు మార్కులు సాధించిన ఏకైక సంస్థ ఇదే. యజమాని పేరు ప్రకటించటం నియమ విరుద్ధం గనుక ప్రశంసాపత్రం కుర్చీకే ఇవ్వబడుతోంది. ఇతర యజమానులు వచ్చి చూసి నేర్చుకోవటానికి వీలుగా మూడు నెలల పాటు ఇక్కడి ఏర్పాటులో ఎట్టి మార్పూ చేయరాదు.

“‘సదరు కుర్చీయందలి వ్యక్తిని ఆ కుర్చీ నుంచి కదల్చరాదు,’” చదివాడు సింహాద్రి. “‘వారి నిర్వికార స్థితికి భంగము కలుగకుండా దిండు, ఫ్యాను యథాతథముగా కొనసాగించవలెను. నాలుగవ సంఖ్యను పెద్దకుండ నుంచి ఎట్టి పరిస్థితులలోను తప్పించరాదు.’ కింద సారు సంతకం. రబ్బరు స్టాంపు.”

మూడు నెలలు. నూకరత్నం ముసుగులోనే వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. నెలలు సరిపోయాయి. పైన ఒక పది రోజులు మిగులుతున్నాయి కూడా.

“మీ ఆవిణ్ణి కాన్పయ్యేదాకా ఇక్కడికి తీసుకొచ్చెయ్యవయ్యా” అంది. “తెర వెనక ఇంకో కుర్చీకి చోటుంది.”

“ఇద్దరు యజమానులంటే సారు ఒప్పుకుంటారంటారా?”

“చూస్తే కదా.”

ఆ నెలాఖరు నుంచి జిల్లా యజమానులు బృందాలుగా వచ్చి, తెరకు రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి, నిర్వికార స్థితిని గమనించి వెళ్లసాగారు. కొందరు గురకను నోట్ చేసుకున్నారు. వచ్చే ఏడాది నుంచి యజమానులందరికీ మధ్యాహ్నం రెండు గంటల నిద్రలో శిక్షణ ఇవ్వాలని మండలి తీర్మానించింది.

బృందాలు లేని ఒక మధ్యాహ్నం, నాలుగో నంబరు లాగిన రేకును పక్క కుండ దగ్గరి ముసుగు చేతిలోకి తీసుకుని వెలుగుకు ఎత్తి పట్టింది. మూడు సార్లు పొడిగా, నాలుగోసారి ఈలలాగా దగ్గింది. పాకంతా దగ్గి ఊరుకుంది.

“ఏమే నాలుగో నంబరూ! నీ రేకు మందంగా వస్తాంది. అంచు చూడు, ఎలా ఉందో. ఓనరమ్మ చూసిందంటే చంపేస్తది.”

నూకరత్నం గుడ్డ పిండిలో ముంచి, బొబ్బలెక్కిన వేళ్లతో దాన్ని కుండ మీద పరిచింది.

“నెమ్మదిగా మాట్లాడవే మరిడమ్మక్కా,” అంది. “ఓనరమ్మ పడుకుంది.”